బొమ్మలో లేని ముక్కు

మా అన్న వెంకటయ్యను తీసుకుపోయిన జబ్బు నాకూ ఉండేది. ఆయన పోయాడు, నేను ఉన్నాను. తేడా ఎక్కడ వచ్చిందో నాకు పూర్తిగా తెలియదు. తెలిసినంత వరకు రాస్తాను. ఏడాది పొడుగునా పడిశెం వదలని మనిషి చాలా ఇళ్లలో ఉంటాడు. అతన్ని చూసి అందరూ నవ్వుతారు. మేమూ నవ్వాము. ఒక పక్క కన్ను వాచి, తల వంచలేనంత నొప్పి వచ్చిందంటే ఇక కషాయాలతో కూర్చోవద్దని చెప్పడం ఈ రాతకు ఒక కారణం. రెండో కారణం మా మేనత్త బాలమ్మ.

మా అమ్మ నన్ను కన్న కొద్ది రోజులకే పోయింది. అన్ననూ నన్నూ పెంచింది బాలమ్మత్త. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. అమరచింతకు దగ్గరలోని మా ఊళ్లో ఎవరింట బిడ్డ పుట్టినా నీళ్లు పోయడానికి ఆమెనే పిలిచేవారు. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకునేది. ఆముదం రాసి, తల గుండ్రంగా రావాలని ఒత్తేది. చివరికి బొటనవేలూ చూపుడువేలూ ముక్కు దూలానికి అటూ ఇటూ పెట్టి పైనుంచి కిందికి సాగదీసేది. ముక్కు సూటిగా రావాలని. బిడ్డ కేకలు పెట్టేది. ఆమె ఆపేది కాదు.

"ఏడువు, ఏడువు. రేపు పెండ్లిసూపులనాడు నన్నే తలుసుకుంటవు" అనేది.

వాళ్లు పెద్దవాళ్లయి వీధిలో పోతుంటే అరుగు మీద కూర్చుని చూసి, "ఈ ఊర్ల ముక్కులన్ని నావే" అనేది.

ఆమె చేసిన ముక్కుల్లో అన్నిటికంటే బాగా వచ్చింది మా అన్న ముక్కు. సన్నగా, సూటిగా ఉండేది. ఆ ముక్కుతో ఆయన ఎన్నడూ సరిగా ఊపిరి పీల్చలేదు.

విక్రమ సంవత్సరం, భాద్రపదం

యుద్ధం మొదలై ఏడాది అయింది. అన్న గద్వాలలో బడిపంతులు. చేతిలో ఎప్పుడూ తడి రుమాలు ఉండేది కనుక పిల్లలు ఆయనను రుమాలు పంతులు అనేవారు. ఆ సంగతి ఆయనే మాకు చెప్పి నవ్వేవాడు. నాకు చదువు చెప్పింది ఆయనే. సెలవులకు వచ్చినప్పుడల్లా పుస్తకాలు తెచ్చి, పోయేటప్పుడు అవి చదివానో లేదో ప్రశ్నలు వేసి మరీ పోయేవాడు.

చవితి పండుగకు తలనొప్పితో వచ్చాడు. నన్ను వనపర్తి దగ్గరి ఊరికి ఇచ్చారు. పండుగకు నేనూ పుట్టింట్లోనే ఉన్నాను. మరునాటికి ఆయన ఎడమ కన్ను రెప్ప వాచి మూసుకుపోయింది.

"దీపం నూనె దొరుకుత లేదు గద, ఒక్క కంటితోనే చదువుత. సగం నూనె మిగులుతది" అన్నాడు.

అత్త పసుపుకొమ్ము కాల్చి పొగ పట్టించింది. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసింది. మా వదిన మిరియాల కషాయం కాచింది. మేమందరం మంచి పనులే చేశాము. ఆ తరువాత చలిజ్వరం వచ్చింది, వాంతులు అయ్యాయి. వెలుతురు చూడలేక ముఖం గోడకు తిప్పుకున్నాడు. నన్ను చూసి మా అమ్మ పేరు పెట్టి పిలిచాడు. దవాఖానకని బండి కట్టి వాగు దాకా తీసుకుపోయారు. వాగు నిండా పారుతోంది. నీళ్లు తగ్గే వరకు ఒడ్డునే కూర్చున్నారు. నీళ్లు తగ్గాయి. అప్పటికి దాటవలసిన పని లేకపోయింది.

పరామర్శకు వచ్చినవాళ్లలో మా వదిన తల్లి ఉంది. కూతురి బతుకు చూసి గుండె మండి అన్న మాటే కావచ్చు. అందరి ముందు అంది.

"బొక్క లేతగున్నప్పుడు అంతగనం వత్తితే వంగదా? బయటికి సక్కగున్నదని మురిసిన్రు. లోపల వంగి కూసున్నది. గాలాడక పాయె నా అల్లుడు."

అత్త ఆ లేత ఎముకలు ఒత్తిన తన చేతివేళ్ల వైపు చూసుకుంది. ఆనాటి నుంచి ఆమె ఏ బిడ్డకూ నీళ్లు పోయలేదు. నెల తిరగక ముందే పక్కింటి కోడలు పసిబిడ్డను ఎత్తుకుని వాకిట్లోకి వస్తే, అత్త గడప దాటి బయటికి రాకుండానే చెప్పింది.

"నా చేతులు మంచియి గావమ్మా. ఇంకోలను సూస్కో."

నాకు ఉన్నదీ ఆ చేతులు ఒత్తిన ముక్కే. నాకూ పడిశెం వదలదు. వదిన తల్లి మాట నిజం కాదని నాకు అనిపించింది. నిజం కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అన్న తెచ్చిన పుస్తకాల్లో ముక్కు లోపల ఏముంటుందో ఎక్కడా రాసి లేదు.

చిత్రభాను సంవత్సరం, కార్తీకం

మొదట పంటినొప్పి అనుకున్నాను. ఎడమ పక్క పై దవడ పళ్లన్నీ ఒకేసారి బరువెక్కాయి. వనపర్తిలో పళ్లు పీకే మనిషి ఒక పన్ను పీకాడు. పన్ను మంచిదే. నొప్పి పోలేదు. అప్పుడు తెలిసింది, నొప్పి పంటిలో లేదు, పంటికి పైన ఎక్కడో ఉంది. వంగి కల్లాపి చల్లుతుంటే చెంప లోపల ఏదో ముందుకు జారినట్టు ఉండేది. పడుకుంటే వెనక గొంతులోకి దిగేది. దాని రుచి రాయడం అనవసరం.

అదే కాలంలో వాసన పోయింది. అది పోయిన రోజు నాకు తెలియదు. పొయ్యి మీద అన్నం మాడి, పొగ కళ్లలోకి వచ్చే దాకా నేను పక్కనే కూర్చుని ఉన్నాను. తరువాత ఒకసారి పుట్టింటికి పోయినప్పుడు అన్న పెట్టె తెరిచి, ఆయన అంగీ తీసి ముఖానికి పెట్టుకున్నాను. ఏ వాసనా రాలేదు. అంగీ తప్పేమీ లేదు. మడిచి మళ్లీ పెట్టాను.

మా ఆయన నెమ్మది మనిషి. పొలం పని మానుకుని నన్ను నాగర్‌కర్నూలులో ఒక వైద్యుని దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ముక్కుపొడి ఇచ్చాడు. పీలిస్తే తుమ్ములు వచ్చేవి, తుమ్మితే కంటి వెనక మెరుపు కొట్టినట్టు ఉండేది. హైదరాబాదు పెద్ద దవాఖానలో ముక్కు కోసి బాగు చేస్తారని ఎవరో చెప్పారు. ఆ మాట నేను ఇంట్లో అన్నాను.

"కోస్తే కండ్లు పోతయంట" అన్నాడు మా ఆయన.

"ఎవరన్నరు?"

"అందరంటున్నరు."

"కోయకుంటే ఏం బోతదో మా అన్నను చూసినం గద."

ఆయన లేచి బయటికి పోయాడు. ఆ తరువాత చాలా కాలం ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా ఒక రకమైన కొట్లాటే. నేను మూలిగినప్పుడల్లా ఆయన ఎద్దులకు మేత వేయాలని లేచేవాడు. ఎద్దులు ఆ ఏడు బాగా బలిశాయి.

స్వభాను సంవత్సరం, పుష్యం

ఒక ఉదయం లేచేసరికి ఎడమ కన్ను తెరుచుకోలేదు. వేలితో తడిమి చూసుకున్నాను. రెప్ప మెత్తగా, వేడిగా ఉంది. అద్దం అడగలేదు. అన్న ముఖం నాకు గుర్తుంది.

మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. పోయి బండి కట్టాడు. వనపర్తి దవాఖానలో డాక్టరు మాత్రలు ఇచ్చి అక్కడే ఉంచుకున్నాడు. వాపు తీసింది. ఈసారి తీసింది కాని మళ్లీ వస్తుందని, వెంటనే హైదరాబాదు పొమ్మని చెప్పాడు. తేడా అక్కడే వచ్చి ఉంటుంది. చలికాలం, వాగులో నీళ్లు లేవు. అంతకంటే పెద్ద కారణం నాకు తోచలేదు.

కబురు తెలిసి అత్త వచ్చింది. మంచం పక్కన నేల మీద కూర్చుంది. నా ముఖం వైపు చూడలేదు.

"నువ్వు గూడ రా అత్తా హైదరాబాదుకు" అన్నాను.

"నేను రాను బిడ్డా. ఆడ అడుగుతరు, ఎవరు వత్తిన్రు ముక్కు అని. ఏం జెప్పాలె?"

"అట్ల అడగరు."

"నీకేం తెల్సు, నువ్వు డాక్టరువా?" అంది. మళ్లీ తనే, "నువ్వే అడుగు. నా చెయ్యేనా అని అడుగు. ఉన్నది ఉన్నట్టు జెప్పుమను. నా మీద దయతల్చి అబద్ధం దేకు" అంది.

స్వభాను సంవత్సరం, మాఘం

వనపర్తి రోడ్డు స్టేషనులో రైలెక్కాము. పెద్ద దవాఖానలో ఆడవాళ్లు కూర్చునే వరండా వేరు. మా ఆయన బయట వేపచెట్టు కింద, నేను లోపల బల్ల మీద. నాకు గుర్తున్నది వైద్యం కంటే ఎక్కువగా ఆ బల్ల. ఒకవైపు జరిగితే ఇంకోవైపు లేచేది. నా పక్కన అచ్చంపేట నుంచి వచ్చిన ముసలమ్మ కూర్చుంది. కోడలికి చెవిపోటు.

"నీకేమైంది బిడ్డా?" అంది.

"ముక్కు."

"ముక్కుకు గూడ దవాఖాన ఉన్నదా! మా దిక్కు ముక్కుకు కొంగే దవాఖాన."

నవ్వాను. నవ్వితే చెంప నొచ్చింది. అది చూసి ఆమె తన మూటలోంచి జొన్నరొట్టె తీసి, మెత్తటి నడిమి భాగం నాకు తుంపి, అంచులు తాను తింది.

ఎక్స్‌రే గదిలో ముక్కూ గడ్డమూ పలకకు ఆనించి కదలకుండా ఉండమన్నారు. నాకు తుమ్ము వచ్చింది. పటం చెడిపోయింది. "యుద్ధంల ఫిల్ములు దొరుకుత లేవమ్మా, నీ తుమ్ముకు ఒకటి పాయె" అని అక్కడి మనిషి విసుక్కున్నాడు. రెండోసారి ఊపిరి బిగబట్టాను.

డాక్టరు నడివయసు ముస్లిం. తెలుగు మా వైపు మాదిరే మాట్లాడాడు. పటాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకున్నాడు.

"పరేషాన్ గాకు. ఇగో, ఇవి నీ కండ్లు. ముక్కు చుట్టు బొక్కలల్ల గదులుంటయి. వాటిల్ల గాలుండాలె. గాలి ఉంటే బొమ్మల నల్లగ కొడ్తది. నీ ఎడమ చెంప గది చూడు, తెల్లగున్నది. చీము. నుదుట్ల ఎడమ దిక్కు ఇంత పెద్ద గది. కుడి దిక్కు గదే లేదు."

"ఎందుకు లేదు?"

"కొందరికి పుట్టదు. మనిషి మనిషికి ముఖం వేరైనట్టే లోపల గదులు గూడ వేరు. గది లేకుంటే ఏం గాదు. ఉన్న గదికి వాకిలి ఇరుకైతేనే కష్టం. నీ ముక్కుల ఒక బొక్క బుడగ లెక్క ఉబ్బి వాకిలికి అడ్డమున్నది. ముక్కు నడిమి గోడ గూడ అటే వంగింది. మీ ఇంట్ల ఇంకెవరికైన గిట్లనే ఉండెనా?"

"మా అన్నకు."

"ఆయన ఎట్లున్నడు?"

"లేడు."

ఆయన పటం దించాడు. నేను అత్త అడగమన్నది అడిగాను. పసితనంలో నీళ్లు పోసేటప్పుడు ముక్కు గట్టిగా ఒత్తితే లోపల ఇలా అవుతుందా అని. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మా ఇంట్ల గూడ వత్తుతరు" అన్నాడు. "చూడమ్మా, పసిపిల్లకు నుదుట్ల గది ఉండనే ఉండదు. పిల్ల నడిచి, మాటలు నేర్చి, పెద్దగైతుంటే వస్తది. లేనిదాన్ని ఎవరు వత్తుతరు? ఉబ్బిన బొక్క దాక వేలు పోదు. ఇవి చేతితోని అయ్యేటియి గావు."

"నడిమి గోడ?"

"అది దేనితోని వంగిందో చెప్పలేను. మస్తు మందికి వంగి ఉంటది, పుట్టుకతోనే. కొందరికి పడ్డా వంగుతది. నీకెందుకు వంగిందో నాకు తెల్వదు."

"మా అన్నకు కూడా ఇట్లనే ఉండి ఉంటదా?"

"ఆయన బొమ్మ తియ్యలేదు గదమ్మా. ఎట్ల జెప్పాలె?"

నేను తుమ్మి పాడుచేసిన పటం ఇవ్వమని అడిగాను. ఎందుకని అడగకుండా ఇచ్చాడు.

కోసే రోజు నర్సు ముక్కుపుల్ల తీసేయమంది. పెళ్లయినప్పటి నుంచి తీయనిది. మా ఆయన బయట ఉన్నాడు. నేను దాన్ని చేతిలో పట్టుకుని నిలబడితే అచ్చంపేట ముసలమ్మ కొంగు చాపింది.

"ఇటియ్యి. భయపడకు, మా ముసలోడు ఇంక బతికే ఉన్నడు. ముత్తైదువ కొంగుకే కడ్తున్న."

మత్తు ముక్కు వరకే ఇచ్చారు. నొప్పి తెలియలేదు, చప్పుడు తెలిసింది. తల లోపల ఎవరో తలుపు చెక్క గీరుతున్నట్టు. అప్పుడు నేను దేవుణ్ణి తలుచుకోలేదు, అన్ననూ తలుచుకోలేదు. ఎప్పుడు అయిపోతుందా అని మాత్రమే అనుకున్నాను. తరువాత ముక్కు నిండా గుడ్డ కుక్కారు. నోటితో ఊపిరి తీస్తూ, నాలుక ఎండిపోయి పడుకున్నాను. ముసలమ్మ తడిగుడ్డ పెదవులకు అద్ది, ముక్కుపుల్లను మా ఆయన చేతికిచ్చి, కోడలితో ఊరికి పోయింది. ఆమె పేరు నేను అడగలేదు.

గుడ్డ తీసిన తరువాత రెండు ముక్కు రంధ్రాల్లోంచీ గాలి ఒకేసారి లోపలికి పోయింది. చల్లగా ఉంది. నా జ్ఞాపకంలో అలా ఎప్పుడూ జరగలేదు. కొన్నాళ్లకు మొదటి వాసన వచ్చింది. దవాఖాన నేల కడిగే మందుది.

ఊరికి పోయి అత్తకు అంతా చెప్పాను. డాక్టరు తెల్వదన్నదీ చెప్పాను. ఆమె తల ఊపింది. పటం చూపబోతే చీకటి ముఖం, కళ్ల గుంతలు కనబడి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"బతికున్నదాని పుర్రె నాకు జూపకు! ఇంట్ల నుంచి దీసెయ్యి. అరిష్టం."

పటాన్ని గొడ్ల కొట్టం చూరులో దోపి వచ్చాను. ఆమె ఏ బిడ్డకూ నీళ్లు పోయలేదు.

పార్థివ సంవత్సరం, చైత్రం

నాకు పుట్టింట్లో ఆడపిల్ల పుట్టింది. పురుటి స్నానం రోజు దాకా మంత్రసానే నీళ్లు పోసింది. ఆ తరువాత ఎవరు పోయాలన్న మాట వచ్చింది. వదిన నీళ్లు కాచి, ఆముదం గిన్నె తెచ్చి పెట్టి, నా వైపు చూసింది. అత్త పెరట్లో గోడ వైపు తిరిగి చాటలో బియ్యం ఏరుతోంది. బియ్యంలో రాళ్లు లేవు.

"అత్తా" అన్నాను.

"నాతోని గాదు."

"నేను ఇంకెవరికీ ఇయ్య."

"నీకు బుద్ధున్నదా? ఒక్కన్ని దిన్న. నిన్ను సగం దిన్న. ఇంక దీన్ని గూడనా?"

వదిన నిలబడే ఉంది. ఆమె తల్లి అన్న మాటే అది, ఇప్పుడు అత్త నోట. వదిన గబగబా గొడ్ల కొట్టంలోకి పోయింది. చూరులోంచి పటం తీసుకువచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి, అత్త చాటలో బియ్యం మీద పెట్టింది.

"జర చూడరాదు" అంది. "పుర్రె మనందరికున్నది."

అత్త చాలా సేపు దాన్ని ముట్టుకోలేదు. తరువాత అంచు పట్టి ఎత్తి, ఎండకు పెట్టింది. నేను తుమ్మిన పటం కనుక అంచులన్నీ చెదిరి ఉన్నాయి. కళ్ల గుంతలు, పళ్లు, చెంప ఎముకలు మాత్రం తెలుస్తున్నాయి. ఆమె బొటనవేలు వాటి మీదుగా నడిచి నడుమ ఆగింది.

"ముక్కేదే?"

"కనపడదు అత్తా. బయటి ముక్కు మెత్తది. దీంట్ల పడదు."

"మరి నేను వత్తింది?"

"నువ్వు వత్తింది దీంట్ల లేదు."

ఆమె మళ్లీ చూసింది. ముక్కు ఉండవలసిన చోట ఒక నల్లటి గుంత, దానిలో కొంచెం వంగిన తెల్లటి గీత ఉన్నాయి.

"ఈ గీతేంది?"

"నడిమి గోడ. డాక్టరు తెల్వదన్నది దీని సంగతే."

"తెల్వదన్నడు." ఆ మాట ఆమె మెల్లగా అంది. "దీనికి గూడ కాదని జెప్పి ఉంటే నేను నమ్మకపోదును." తరువాత అడిగింది. "వాందో, మీ అన్నది?"

"అన్న బొమ్మ తియ్యలేదు అత్తా."

ఆమె పటాన్ని దించి వదినకు ఇచ్చింది. నా దగ్గర ఇంకేమీ లేదు. ఉన్నదంతా చెప్పేశాను. అన్న ముక్కు లోపల ఎలా ఉండేదో ఇక ఎవరికీ తెలియదు. అది తెలియకుండానే మేము ముగ్గురం బతకాలి.

నీళ్లు చల్లారుతున్నాయి. అత్త చాట పక్కకు పెట్టి, గిన్నెలో వేలు ముంచి చూసింది. "ఇంక జర ఏడి నీళ్లు కలుపు" అని వదినతో అంది. పీట లాక్కుని కూర్చుని కాళ్లు చాపింది. నేను బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టాను. ఆముదం వాసన వచ్చింది. పలుచగానే, కాని వచ్చింది.

ఆమె చేతులు ఏమీ మరవలేదు. కాళ్లు, చేతులు, వీపు, తల. బిడ్డ కేకలు పెట్టింది. చివరికి బొటనవేలూ చూపుడువేలూ ముఖం మీదికి వచ్చాయి. ముక్కు మీద ఆగాయి. ముక్కు మీది నీళ్లను తుడిచి, గడ్డం మీదికి దిగిపోయాయి.

ఇప్పుడు శ్రావణం. నాకు ఇప్పటికీ సర్ది చేస్తుంది, పోతుంది. కన్ను మళ్లీ వాయలేదు. వాస్తే ఏం చేయాలో మా ఆయనకు తెలుసు. ఊళ్లో పసిబిడ్డలు మళ్లీ మా వాకిట్లోకి వస్తున్నారు. అత్త నీళ్లు పోస్తోంది, ముక్కులు మాత్రం ఒత్తడం లేదు. ఒత్తమని తల్లులు బతిమాలతారు.

మా బిడ్డకు తండ్రి ముక్కు వచ్చింది. చప్పిడిది, వెడల్పుది. ఎవరైనా ఎత్తుకుని ముఖం చూస్తే చాలు, అత్త అరుగు మీద నుంచే కేక వేస్తుంది.

"గా ముక్కు నాది గాదమ్మో! దాన్ని నేను ముట్టలే!"